ఏడో పేరు

11

నాన్న ఆ కాగితాన్ని నాలుగో మడత పెట్టాడు. ఐదో మడతకి అది లొంగలేదు.

"పొయ్యిలో పడెయ్యి," అంది అమ్మ.

"అది నకలే అమ్మా. అసలు పుస్తకం మా ఆఫీసులో ఉంది," అన్నాను.

"నువ్వూ అక్కడే ఉండిపోవాల్సింది."

కిటికీ అవతల పెరట్లో గుండిగ ఉడుకుతోంది. తెల్లారగానే నాన్న కోసిన గొర్రె తోక కొవ్వూ, కార్జమూ అందులో ఉన్నాయి. మధ్యాహ్నం నమాజు కాగానే వియ్యాలవాళ్ళు వస్తారు. రెండు వైపుల పెద్దలూ ఏడుగురు తండ్రుల పేర్లు చెప్పుకుంటారు. తర్వాత ఒకే పళ్ళెంలోంచి ఆ కార్జం, ఆ కొవ్వు తింటారు. తిన్నాక ఈ పెళ్ళిని ఆపగలిగేది చావొక్కటే.

తినకముందైతే ఒక్క పేరు చాలు.

మా నాన్న దూసెన్ నీళ్ళ వంతు దగ్గర కూడా గొంతు పెంచని మనిషి. సిర్దర్యా నది పక్కన ఈ చవుడు నేలలో ముప్పై ఏళ్ళుగా వరి పండిస్తున్నాడు. పక్క పొలంవాడు రాత్రికి రాత్రి కాలువకి గండి కొట్టినా, వెళ్ళి మాట్లాడి వస్తాడే తప్ప అరవడు. ఆ పొద్దున నా మీద అరిచాడు.

"పద్దెనిమిదివందల తొంభై ఏడులో ఎవడో రష్యా గుమాస్తా గుర్రమెక్కి వచ్చాడు. చలికి వణుక్కుంటూ జనాభా లెక్కంటూ ఏదో గీకిపోయాడు. దాన్ని పట్టుకొచ్చి నా తాత ముత్తాతల్ని నువ్వు సరిదిద్దుతావా?"

"సరిదిద్దడం లేదు నాన్నా. అక్కడ ఉన్నది చెప్తున్నా."

"ఏముంది? మళ్ళీ చెప్పు."

చెప్పాను. కాగితం చూడాల్సిన పని లేదు. పది రోజులుగా అది నా కళ్ళ ముందే ఉంది.

"ఇంటి యజమాని బేసెన్, ముప్పై ఒకటి. భార్య ఉల్జాన్, పంతొమ్మిది. తల్లి కున్సులూ, యాభై రెండు. తమ్ముడు తోలెబాయ్, తొమ్మిది. వృత్తి సేద్యం."

"తమ్ముడు!" అన్నాడు నాన్న, ఆ మాట ఎవరో తనని తిట్టినట్టు.

మా ఇళ్ళల్లో పిల్లలకి మాటలు రాగానే నేర్పేది ఆ పేర్లే. నేను నాలుగో ఏట తాత ఒళ్ళో కూర్చుని తప్పు లేకుండా చెప్పేదాన్నట. దూసెన్, సాపర్, కెంజెబాయ్, తోలెబాయ్, బేసెన్, జానుజాక్, ఎసెత్. వీళ్ళు ఏడుగురు. వీళ్ళ వెనక ఎనిమిదోవాడు మొల్దాబాయ్. నా చెల్లెలు అక్బోతాకి కాబోయే భర్త దిదార్ వంశం మాతో కలిసేది ఆ మొల్దాబాయ్ దగ్గరే. ఎనిమిదో పేరు దగ్గర కలిస్తే పెళ్ళి చేసుకోవచ్చు. ఏడో పేరు దగ్గరైనా, ఆలోపైనా కలిస్తే ఇద్దరూ అన్నాచెల్లెళ్ళ కిందే లెక్క.

మేం నేర్చుకున్న వరసలో తోలెబాయ్ తండ్రి బేసెన్. కాగితంలో బేసెన్ తోలెబాయ్‌కి అన్న. తండ్రుల వరసలోంచి అన్నని తీసేస్తే మొల్దాబాయ్ ఒక మెట్టు కిందికి దిగుతాడు. ఎనిమిదోవాడు ఏడోవాడు అవుతాడు.

ఇదంతా నేను చెల్లి పెళ్ళికి ఒక కానుక కోసం మొదలుపెట్టాను. మల్బరీ కర్ర పలక మీద మా పెద్దల పేర్లు, వాళ్ళు పుట్టిన ఏళ్ళు చెక్కించి ఇద్దామనుకున్నాను. పేర్లు అందరికీ వచ్చు, ఏళ్ళే ఎవరికీ తెలీవు. పాత రికార్డుల ఆఫీసులో పని చేస్తున్నదాన్ని, ఆ మాత్రం నా చేతిలో పనే కదా అనుకున్నాను. మా వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని. ఆ చదువుతో ఇంటికి చేసిన మొదటి పని ఇది.

నాన్న కాగితం మడతలు విప్పి మళ్ళీ చూశాడు. "మొదటి భార్య చచ్చిపోయి ఉండొచ్చు. పిల్లాడు ఆవిడకి పుట్టుండొచ్చు. ఆ గుమాస్తాకి మన భాషేం వచ్చు? కొడుకుని తమ్ముడని రాసుకుని పోయుంటాడు."

"నేనూ అదే అనుకున్నా నాన్నా. అందుకే పంతొమ్మిదివందల ఇరవయ్యారులో తీసిన జనాభా లెక్క కూడా వెతికాను."

"అందులో?"

"అందులో రాసినవాడు మనవాడే. తోలెబాయ్, వయసు ముప్పై ఎనిమిది, తండ్రి పేరు జానుజాక్ అని రాశాడు."

నాన్న కాగితం నా వైపు తోసి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చేతుల గీతల్లో కోతల మట్టి ఇంకా పోలేదు.

అమ్మ టీ కాగే సమోవర్ కుళాయి తిప్పి నా గిన్నెలో టీ పోసింది. అంచు దాకా పోసింది. ఇంట్లో మనిషికి ఎప్పుడూ సగమే పోస్తాం, మళ్ళీ మళ్ళీ పోస్తూ దగ్గర కూర్చోబెట్టుకోవడానికి. నిండా పోస్తే అర్థం వేరే. తాగి లేచి వెళ్ళమని.

"అమ్మా..."

"నిశ్చితార్థం చెవిపోగులు తిరిగిచ్చిన పిల్లకి మళ్ళీ ఎవరొస్తారే? పెద్దదానికి ఎలాగూ రాలేదు. ఇప్పుడు చిన్నదానికీ లేకుండా చేస్తున్నావు." అమ్మ నా మొహం చూడకుండా సమోవర్‌తోనే మాట్లాడుతోంది. "చదివిస్తే ఇంటికి దీపం అన్నారు. ఆ దీపంతో మూలమూలలా వెతికి ఏం తెచ్చిందో చూడు."

"కుల్జిరా, ఇక చాలు," అన్నాడు నాన్న.

"నీకేం, చాలు అంటావు. పొయ్యి దగ్గర గుండిగ దించేది నేను. పళ్ళెంలో పెట్టేది నేను. ఏ చేత్తో పెట్టను?"

నేను ఆ నిండు గిన్నె రెండు చేతులా పట్టుకుని, ఒలకకుండా తాగి, లేచాను.

*

అక్బోతా లోపలి గదిలో ఉంది. పెళ్ళికి కుట్టిన బొంతలు గోడవారగా పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. వాటికి ఆనుకుని, చెవిపోగులు తీసి అరచేతిలో పెట్టుకుని కూర్చుంది.

"రా, సర్కారు గుమాస్తా," అంది. "నా పేరు కూడా రాసుకుంటావా? అక్బోతా, వయసు ఇరవై మూడు, వృత్తి నర్సు, పెళ్ళి కాలేదు."

"అక్బోతా, నేను కావాలని చెయ్యలేదు."

"కావాలని చేసినా బాగుండేది. కోపం తెచ్చుకోడానికి వీలుండేది." పోగుల్ని గుప్పిట్లో మూసింది. "ఇవి పెట్టేటప్పుడు దిదార్ వాళ్ళమ్మ చేతులు ఎంత వణికాయో తెలుసా? చెవి నొప్పి పుట్టిందా తల్లీ అని మూడుసార్లు అడిగింది. ఆవిడకి కూతుళ్ళు లేరు."

నేను పక్కన కూర్చున్నాను. అక్బోతా జరిగి చోటివ్వలేదు, దూరంగానూ జరగలేదు.

"ఏడు తరాలకి రక్తంలో ఏం మిగుల్తుందక్కా? నేను నర్సుని, నాకు తెలీదా? సిర్దర్యాలో చెంచాడు పాలు పోసినట్టు."

"వాళ్ళు లెక్కపెట్టేది రక్తాన్ని కాదు."

"మరి నువ్వెందుకు లెక్కపెట్టావు?"

చదువుకున్నప్పుడు మాస్టర్లు ఒకటే నేర్పారు, ఉన్నది ఉన్నట్టు చూడమని. చూసిన తర్వాత ఏం చెయ్యాలో వాళ్ళు నేర్పలేదు.

"ఊళ్ళో ఎవరింట్లో వరసలన్నీ సరిగ్గా ఉన్నాయంటావు?" అంది అక్బోతా. "కరువులో చచ్చినవాళ్ళు, యుద్ధంలో పోయినవాళ్ళు, దారిలో దొరికితే తెచ్చి పెంచుకున్న పిల్లలు. అందరి కాగితాలూ తీస్తావా? అందరి పెళ్ళిళ్ళూ రద్దు చేస్తావా?"

"దిదార్‌కి చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"చాలాసేపు ఏం అనలేదు. తర్వాత, మా నాన్నకి చెప్పకు అన్నాడు." వెనకున్న బొంత అంచు లోపలికి తోసింది. "భయపడ్డాడక్కా. నన్ను వదులుకోడానికి కాదు. నన్ను చెల్లెలిలా చూడాల్సొస్తుందేమోనని. ఆ మాట అనలేదు. ఫోన్లో ఊపిరి వినపడింది, అంతే."

బయట కుక్క మొరిగింది. ఇద్దరం తలెత్తాం. ఎవరో పాలు తెచ్చినట్టున్నారు. గేటు మళ్ళీ మూసుకుంది.

"తాతకి చూపించావా?"

"లేదు."

"అయితే ఇది మన నలుగురికీ, దిదార్‌కీ తప్ప తెలీదు." అక్బోతా లేచి వెళ్ళి, అరమీదున్న రొట్టె తెచ్చి నా ముందు పెట్టింది. పొద్దున అమ్మ కాల్చిన గుండ్రటి రొట్టె, ఇంకా గోరువెచ్చగా ఉంది. "దీని మీద చెయ్యి పెట్టు. ఆ మాట నీ నోట రాదని చెప్పు."

"అక్బోతా, ఇది తప్పు."

"నేను నిన్ను అబద్ధం చెప్పమనడం లేదే! నోరు మూసుకోమంటున్నా. చిన్నప్పుడు నీకు జ్వరమొస్తే నీ బదులు ఆవుల దగ్గరికి ఎవరు వెళ్ళారు? నువ్వు పట్నంలో చదువుకుంటుంటే మంచులో గడ్డి మోసింది ఎవరు? ఎప్పుడైనా అడిగానా ఏదైనా?"

అడగలేదు. ఎప్పుడూ, ఏదీ.

రొట్టె మీద చెయ్యి పెట్టాను. "నా నోట రాదు," అన్నాను. "తప్పితే ఈ రొట్టే నన్ను కొట్టాలి."

అక్బోతా చెవిపోగులు తిరిగి పెట్టుకుంది. అద్దం లేకుండానే, రెండు చెవుల రంధ్రాలూ మొదటిసారికే దొరికాయి.

*

తాత కాలువ గట్టున ఉన్నాడు. కోతలైపోయిన మడి, తెల్లగా చవుడు పూసి, మోకాళ్ళెత్తు మోళ్ళతో అడ్డంగా పరుచుకుని ఉంది. దూరంగా ఎవరో గడ్డి కాలుస్తున్నారు, పొగ పైకి లేవలేక నేలమీదే పాకుతోంది. బోర్లించిన తొట్టి మీద కూర్చుని ఆయన కార్జం కోసే కత్తి నూరుతున్నాడు.

మా తాత సాపర్‌కి ఎనభై నాలుగేళ్ళు. చూపు తగ్గింది, చెవులు తగ్గలేదు.

"మీ అమ్మ పొద్దున్నే నాకు కత్తిచ్చి బయటికి తోసింది," అన్నాడు. "ఇంట్లో ఏదో పగిలింది. గిన్నెనా, మనిషా?"

గట్టెక్కి ఆయన పక్కన నిలబడ్డాను.

"మనిషే అన్నమాట. కూర్చో కమ్షత్."

కూర్చున్నాను. కాగితం చేతిలోనే ఉంది. రొట్టె మీద పెట్టిన చెయ్యి కూడా అదే.

"ఏంటది చప్పుడవుతోంది?"

"పాత జనాభా లెక్క తాతా. మన పెద్దవాళ్ళది."

ఆయన కత్తి ఆపాడు. "జార్ కాలందా?"

"అవును."

"చదువు."

నేను మడతలు విప్పాను. "ఇంటి యజమాని బేసెన్, ముప్పై ఒకటి."

"బేసెన్," అన్నాడు తాత. "ఏదీ, ఎక్కడుందో చూపించు."

ఆయన వేలు పట్టుకుని ఆ పేరు మీద పెట్టాను. గోరు నల్లగా, మందంగా ఉంది. ఆ వేలు అక్కడే చాలాసేపు ఉంచాడు.

"రాతలో ఎప్పుడూ చూళ్ళేదు. నోళ్ళల్లోనే ఉందనుకున్నా ఈ పేరు. ఊఁ, తర్వాత?"

"భార్య ఉల్జాన్, పంతొమ్మిది. తల్లి కున్సులూ, యాభై రెండు." ఆగిపోయాను. నాలుగో వరస నా ముందుంది.

తాత ఎదురుచూశాడు. కాలువలో నీళ్ళు కట్టేశారు, అడుగున మిగిలిన బురదలో ఒక కొంగ నడుస్తోంది.

"నాలుగోవాడు తోలెబాయ్," అన్నాడు ఆయనే. "తమ్ముడని రాసుంటారు."

నేను కాగితం మీంచి తలెత్తాను.

"మీకు తెలుసా?"

"నాకు ఒక్కడికే తెలుసు. మా నాన్న యుద్ధంలో పోయాడు. నన్ను పెంచింది మా తాత తోలెబాయే. నాకు పదిహేనేళ్ళప్పుడు, పోయేముందు చెప్పాడు." తాత కత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఒక చలికాలం గడ్డి మీద మంచు గాజులా బిగిసిపోయి పశువులన్నీ చచ్చాయట. జానుజాక్ కూడా ఆ చలికాలమే పోయాడు. తోలెబాయ్‌కి అప్పుడు రెండేళ్ళు. మనవాళ్ళు పశువులున్నవాళ్ళు. మట్టి తవ్వేవాడంటే వాళ్ళకి మనిషి కాదు. పశువుల్లేని బేసెన్ పార పట్టుకుని ఈ ఒడ్డుకి వచ్చాడు. కాలువ తవ్వాడు. జొన్న వేశాడు. సాటివాళ్ళు నవ్వారట, ఎలుకలా బొరియలు తవ్వుతున్నాడని. తమ్ముణ్ణి వీపుకి కట్టుకుని తవ్వాడట."

"తోలెబాయ్ ఆయన్ని నాన్నా అనేవాడా?"

"ఇంకెవర్ని అంటాడు? ఇంకెవర్ని చూశాడు?" తాత పొగ వైపు చూశాడు. "ఆ కాగితంలో బేసెన్‌కి కొడుకులున్నారా?"

"లేరు."

"తర్వాత కూడా పుట్టలేదు. కొడుకు లేనివాడి పేరు ఎవరి ఏడులో ఉంటుంది చెప్పు? ఎవరి ఏడులోనూ ఉండదు. మనిషి పోయిన నలభై ఏళ్ళకి పేరు కూడా పోతుంది. అందుకని తోలెబాయ్ తన పిల్లలకి వరస నేర్పేటప్పుడు తన పేరు వెనక ఆయన పేరు పెట్టాడు. సాపర్, ఈ పేరుని వరసలోంచి నీ నోటితో తీసెయ్యకు అని నా దగ్గర మాట తీసుకున్నాడు. నేను మీ నాన్నకి అలాగే నేర్పా. నీకు అలాగే నేర్పా."

ఆయన గొంతులో తప్పు చేసినవాడి బెదురు లేదు. అలసట ఉంది.

"దిదార్ వాళ్ళ సంబంధం వచ్చినప్పుడైనా చెప్పొచ్చుగా తాతా?"

"వచ్చినప్పుడు లెక్కపెట్టుకున్నా. వేళ్ళ మీద నాలుగుసార్లు." తాత కుడిచెయ్యి తెరిచి చూసుకున్నాడు. "నోరు తెరిచేలోపు నీ చెల్లెలు టీ పట్టుకుని వచ్చింది. పాట పాడుకుంటూ వచ్చింది. అది పాడగా ఎప్పుడైనా విన్నావా?"

వినలేదు.

"నేనూ వినలేదు. మర్నాడు చెప్దాంలే అనుకున్నా. చెవిపోగులు పెట్టేశారు. గొర్రె కోసేశారు."

కొంగ ఎగిరిపోయింది.

"ఈ రోజు ఏం చెప్తారు?" అని అడిగాను చివరికి.

"నా నోటితో ఆ పేరుని వరసలోంచి తీసెయ్యలేను. మాటిచ్చా. నువ్వైతే ఇవ్వలేదు."

"నేనూ ఇప్పుడే మాటిచ్చి వచ్చాను. అక్బోతాకి. రొట్టె మీద."

తాత నా వైపు తిరిగాడు. పళ్ళు లేని నోరు నవ్వబోయి ఆగింది. "అయితే ఇంక ఈ ఇంట్లో నోరున్నవాళ్ళెవరూ మిగల్లేదు."

కత్తి మొనతో తొట్టి మీది మట్టిని కాసేపు గీరాడు. "దిదార్ నాన్న జుమాతాయ్ మంచివాడు. తిన్నాక తెలిస్తే, రేపు పుట్టే బిడ్డకి జలుబు చేసినా ఇదే కారణమనుకుని కుమిలి చస్తాడు. తినకముందు తెలిస్తే నా మనవరాలు..." నా చేతిలోంచి కాగితం తీసుకుని, మెల్లగా మడిచి, కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. "ఇది నా దగ్గర ఉండనీ. బేసెన్ని ఎప్పుడూ ఇలా ఎత్తుకోలేదు నేను."

లేవడానికి చెయ్యి చాచాడు. లేపాను. ఎండుకట్టెలంత బరువు కూడా లేడు.

*

వియ్యాలవాళ్ళు ఐదుగురు వచ్చారు. దిదార్ లోపలికి రాలేదు, పెళ్ళికొడుకు ఈ వేళ గడప దాటడు. గేటు బయట కారుకి ఆనుకుని నిలబడ్డాడు. కిటికీలోంచి అతని వీపు మాత్రం కనిపిస్తోంది.

దిదార్ తండ్రి జుమాతాయ్ పొడుగాటి మనిషి, గుర్రాల డాక్టరు. రాగానే తాత రెండు చేతులూ పట్టుకున్నాడు.

"పెద్దాయనా, ఇంకా కత్తి మీ చేతిలోనే ఉందా? మా వైపు పెద్దలకి చెంచా పట్టుకోడానికే చెయ్యి వణుకుతోంది."

"నా చెయ్యీ వణుకుతుందయ్యా. కార్జానికి తెలీదంతే," అన్నాడు తాత.

అందరూ నవ్వారు. నాన్న అందరికంటే గట్టిగా నవ్వాడు. నాన్న అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు, చూడలేక రొట్టె ముక్కలు పంచడంలో పడ్డాను.

నేల మీద పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ చుట్టూ కూర్చున్నాం. గుమ్మం దగ్గర సమోవర్ పక్కన అక్బోతా. తలమీద తెల్లటి రుమాలు, చెవులకి పోగులు. గిన్నెలు సగం సగం నింపి అందిస్తోంది. ఒక్క చుక్క కింద పడలేదు.

అమ్మ పళ్ళెం తెచ్చి మధ్యలో పెట్టింది. కార్జం నల్లగా, కొవ్వు అద్దంలా మెరుస్తూ, ఆవిరి. ఏ చేత్తో పెట్టిందో చూశాను. రెండు చేతులతోనూ పెట్టింది. పెట్టి, చేతులు ఎక్కడ ఉంచాలో తెలీనట్టు నడుముకి కట్టుకున్న గుడ్డ కింద దాచుకుంది.

ముందు జుమాతాయ్ చెప్పాడు. దిదార్ తండ్రిగా తన పేరుతో మొదలుపెట్టి, ఆగకుండా, క్లాసులో పాఠం అప్పజెప్పినట్టు ఏడు పేర్లు చెప్పాడు. ఎనిమిదో పేరు మొల్దాబాయ్ అని చెప్పి మా వైపు చెయ్యి చాపాడు. "ఇక్కడ మనం కలిసి నీళ్ళు తాగాం. ఇప్పుడు మీరు చెప్పండి పెద్దాయనా. విని తిందాం. పొద్దున్నుంచి మా ఆవిడ నాకేం పెట్టలేదు, ఇక్కడ తింటావుగా అని."

మళ్ళీ నవ్వులు. దిదార్ తల్లి సిగ్గుపడి భుజం మీద తట్టింది. ఆవిడ చూపు మాత్రం అక్బోతా చెవుల మీదే ఉంది.

తాత గొంతు సవరించుకున్నాడు.

"అక్బోతా తండ్రి దూసెన్," అన్నాడు. "దూసెన్ తండ్రిని నేను, సాపర్ని. నా తండ్రి కెంజెబాయ్. యుద్ధం నుంచి రాలేదు. కెంజెబాయ్ తండ్రి తోలెబాయ్."

ఆగాడు.

మామూలుగా అక్కడ ఆగడు. నాలుగేళ్ళప్పటి నుంచి విన్నాను ఆ వరస. తోలెబాయ్ తర్వాత ఊపిరి కూడా తీసుకోకుండా బేసెన్ వస్తాడు. నాన్న తల దించుకున్నాడు. సమోవర్ దగ్గర నీళ్ళ చప్పుడు ఆగింది.

"తోలెబాయ్‌ని పెంచినవాడు బేసెన్," అన్నాడు తాత.

జుమాతాయ్ చెయ్యి పళ్ళెం వైపు కొద్దిగా ముందుకొచ్చి ఉంది. ఆ చెయ్యి అక్కడే నిలిచిపోయింది. మొహంలో నవ్వు ఇంకా పోలేదు. కళ్ళల్లోంచి మాత్రం పోయింది.

"పెంచినవాడా పెద్దాయనా?" అన్నాడు మెల్లగా. "కన్నవాడు కాదా?"

పళ్ళెం మీద ఆవిరి పలచబడింది. కొవ్వు అంచుల్లో తెల్లగా పేరుకోవడం మొదలైంది. వేడి మీద తినాలి దాన్ని, చల్లారితే గొంతు దిగదు.

తాత కత్తి పళ్ళెం అంచున ఆనించాడు. కోటు లోపల చెయ్యి పెట్టి కాగితం తీశాడు. కార్జం పళ్ళెం మీదుగా, నా వైపు చాచాడు.

"నా పెద్ద మనవరాలు చదువుకుంది," అన్నాడు. "బేసెన్ సంగతి రాతలో ఉంది. ఆమె చదువుతుంది."

నాన్న తలెత్తి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, వద్దని కూడా లేదు. కాలువలో నీళ్ళు రాని ఏడాది మడిని చూసే చూపు అది.

కాగితం తీసుకున్నాను. తాత గుండె వేడి దానికి ఇంకా ఉంది.

అప్పుడే అక్బోతా లేచి వచ్చింది. నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నా గిన్నె తీసుకుని టీ పోసింది. సగం దాటింది. ఆపలేదు. అంచు దాకా వచ్చింది, అప్పటికీ ఆపలేదు. గిన్నె మీంచి పొర్లి, దస్తర్‌ఖాన్ మీద పాకి, నా మోకాలు తడిసింది. చురుక్కుమంది. దిదార్ తల్లి "అయ్యో తల్లీ, చెయ్యి కాలుతుంది" అంది.

అక్బోతా నా మొహంలోకి చూస్తోంది. ఆమె చెవిపోగులు కదలడం లేదు.

నేను కాగితం మడతలు విప్పాను. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

"ఇంటి యజమాని బేసెన్," అని చదివాను. "ముప్పై ఒకటి."

దాని కింద ఇంకో మూడు వరసలున్నాయి.